ఎడారి బంగారం

ఎడారి అనగానే మనకు ఇసుక తిన్నెలు, ఒంటెలు గుర్తుకొస్తాయి. కానీ పూలతో నిండిపోయే ఎడారి కూడా ఉంది. అదే అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రంలోని డెత్ వ్యాలీ, అంటే మృత్యులోయ. 1913 జూలై 10న అక్కడ 56.7 డిగ్రీల సెల్సియస్ ఉష్ణోగ్రత నమోదైంది. ఏడాదికి సగటున కురిసే వాన సుమారు 2 అంగుళాలే!

ఆ లోయను పసుపుపచ్చగా మార్చే మొక్క 'డెసర్ట్ గోల్డ్', అంటే ఎడారి బంగారం. శాస్త్రీయ నామం జెరేయా కానెసెన్స్. ఇది మన పొద్దుతిరుగుడు కుటుంబానికి చెందినదే.

నీరు లేనిచోట ఇది ఎలా బతుకుతుంది? నిజానికి ఎండాకాలంలో అక్కడ మొక్క ఉండదు, గింజ మాత్రమే ఉంటుంది. చలికాలానికి ముందో, చలికాలంలోనో మంచి వాన పడితే మొలుస్తుంది. ఫిబ్రవరి, ఏప్రిల్ నెలల మధ్య పూస్తుంది. గింజలు రాల్చి చనిపోతుంది. ఆ గింజలు ఏళ్ళ తరబడి ఇసుకలో నిద్రావస్థలో ఉండగలవు.

ఇలాంటి ఎడారి మొక్కల్లో చాలావాటి గింజల్లో మొలకను అడ్డుకునే రసాయనాలు ఉంటాయి. చిరుజల్లుకు అవి పోవు. గట్టి వానకు కడుక్కుపోతేనే గింజ మొలుస్తుంది. అప్పుడైనా అన్నీ ఒకేసారి మొలవవు. మొలిచినవి ఎండిపోయినా, మిగిలిన గింజలతో జాతి నిలుస్తుంది.

తొలి జల్లుకే ఉన్న విత్తనమంతా వేసి, ఆపై చినుకు లేక, మళ్ళీ విత్తనానికి అప్పు చేసిన రైతుల ఇళ్ళ నుంచి వచ్చినవాళ్ళం మనలో చాలామందిమి. ఈ జాగ్రత్త విలువ మనకు వేరే చెప్పనక్కర్లేదు.

ఈ పూల తేనె, పుప్పొడి తేనెటీగలకు, సీతాకోకచిలుకలకు ఆహారం. గింజలను చీమలు, కంగారూ ఎలుకలు తిని, కొన్ని దాచుకుంటాయి. ఆ ఎలుకలను పాములు, గుడ్లగూబలు తింటాయి. ఎప్పుడో పడిన వానను తిండిగా మార్చి ఎడారి జీవులకు పంచేది ఇలాంటి మొక్కలే.

2015 అక్టోబరులో పడిన భారీ వానలకు 2016లో లోయంతా విరగబూసింది. సందర్శకులు తండోపతండాలుగా వచ్చారు. అది జాతీయ పార్కు కాబట్టి అక్కడ పూలు కోయడం నిషేధం. పువ్వు తెంపినా, మొక్కను తొక్కినా గింజ పడదు. రాబోయే కరువు కోసం దాచుకునే విత్తనం పోయినట్లే.

సెలవుల్లో ఊరికి వెళ్ళినప్పుడు ఎండిన బీడును చూసి 'ఇక్కడేముంది?' అనుకోకండి. తొలకరికి మొలిచే గింజలు ఆ మట్టిలోనే ఉంటాయి.