గాలిగొడుగు – కాటా బరువు

నరసాపురము రేవునుండి సఖినేటిపల్లికి వశిష్ఠ గోదావరిని దాటించు పంటునెక్కినవారికి ఒక సంగతి తెలిసియే యుండును. మనుష్యులు, బండ్లు, బస్తాలు ఎక్కినకొలది పంటు నీటిలోనికి దిగుచుండును. ఒక హద్దు రాగానే నడుపువాడు "ఇక చాలు" అనును. ఒడ్డున మిగిలినవారు దానిని అవమానముగా నెంచరు. ఏటికి మన మర్యాదలతో పనిలేదని వారెరుగుదురు. ఆకాశమునకును అంతియే.

కోనసీమనుండియు, డెల్టాలోని ఇతర గ్రామములనుండియు ఉద్యోగములకై గల్ఫు దేశములకు, అమెరికాకు, ఆస్ట్రేలియాకు వెళ్లిన యువతీయువకులు పెక్కుమంది కలరు. సెలవుదినములలో విమానమునుండి దూకు వినోదమునకు పేరిచ్చువారు వారిలో లేకపోలేదు. మన దేశములోను హర్యానాలోని నార్నౌల్ మొదలగు చోట్ల ఈ క్రీడ సామాన్యులకు అందుబాటులోనికి వచ్చినది. దరఖాస్తులో పేరు, వయస్సు చకచక వ్రాసినవారికి కూడ "బరువు" అనుచోట కలము ఆగును. "నా బరువుకు గుడ్డ చినుగునేమో, రాయివలె పడిపోదునేమో" యను భయమొకటి. పదిమందిలో తూచి త్రిప్పిపంపుదురేమో యను సిగ్గు మరియొకటి. ఈ రెంటినిగూర్చి తెలిసికొందము.

మొదటిసారి దూకువాడు ఒంటరిగా దూకడు. అనుభవముగల శిక్షకుని ముందువైపున నాలుగు కొక్కెములతో, అనగా భుజములవద్ద రెండు, నడుమువద్ద రెండింటితో, అతనిని బంధింతురు. ఇదియే జంట దూకుడు. దీనికి తగిన సాధనములను 1980వ దశకములో అమెరికాలో టెడ్ స్ట్రాంగ్, బిల్ బూత్ అనువారు రూపొందించిరి. ప్రధానమైన పారాచూటు, ఆపద్ధర్మపు పారాచూటు రెండును శిక్షకుని వీపుననే యుండును. సాధారణముగా 10,000 మొదలు 13,000 అడుగుల ఎత్తునుండి దూకుదురు. ఒక నిమిషమునకు లోపుగా పడుట సాగును. సుమారు 5,000 అడుగుల ఎత్తున పారాచూటు విచ్చుకొనును. తరువాత అయిదారు నిమిషములు తేలుచు దిగుదురు.

ఇక రాయివలె పడుట సంగతి. పడుచున్న వస్తువుయొక్క వేగము పెరిగినకొలది గాలి అడ్డగింత కూడ పెరుగును. ఆ అడ్డగింత బరువుతో సమానమైనపుడు వేగము నిలుకడ చెందును. దీనిని చరమవేగ మందురు. బోరగిల పడు ఒక మనిషికి ఇది గంటకు సుమారు 200 కిలోమీటర్లు. ఇద్దరిని కలిపి కట్టినపుడు బరువు రెట్టింపగును; కాని ఒకరిపై నొకరుండుటచే గాలికి తగులు వైశాల్యము అంతగా పెరుగదు. అడ్డగింత వేగముయొక్క వర్గమునుబట్టి మారును గనుక, బరువు రెట్టింపైనచో వేగము రెట్టింపు కాక సుమారు 1.4 రెట్లు మాత్రమే యగును. అనగా 280 కిలోమీటర్లు. అదియు ఎక్కువే. అందుచేత శిక్షకుడు దూకిన కొలది క్షణములలోనే డ్రోగ్ అను చిన్న పారాచూటును గాలిలోనికి విడుచును. అది వెనుక తోకవలె నిలిచి వేగమును తిరిగి 200 ప్రాంతమునకు దించును.

ఇపుడొక లెక్క చూడుడు. ఇద్దరి బరువు, సామగ్రి కలిసి 190 కిలోలుండగా ప్రయాణికుడు మరి 10 కిలోలు లావుగా నుండెననుకొందము. వేగము పెరుగునది గంటకు అయిదు కిలోమీటర్లు మాత్రమే. కావున లావైనవాడు రాయివలె పడునను భయము నిరాధారము. మరి హద్దు లెందుకు? దాని కారణములు వేరు.

మొదటిది పారాచూటు శక్తి. జంట దూకుడుకు వాడు పారాచూటు 330 మొదలు 400 చదరపు అడుగుల వరకు ఉండును. అట్టివానిలో చాలవాటికి తయారీదారులు విధించిన మొత్తపు బరువు సుమారు 225 కిలోలు. ఇందులో సామగ్రి 25 కిలోలు, శిక్షకుడు 85 కిలోలు అయినచో ప్రయాణికునికి మిగులునది 115. ఈ మిగులునంతను వాడుకొనక, కొంత జాగ్రత్త నుంచుకొని, పెక్కు కేంద్రములు 90, 100 కిలోలవద్ద హద్దు పెట్టుచున్నవి. హద్దునకు దగ్గరగా నున్నవానికి తేలికయైన శిక్షకుని జతచేయుదురు. బరువు ముందుగా అడుగుట ఇందుకే.

రెండవది పట్టీల అమరిక. పారాచూటు విచ్చుకొనునపుడు శరీరభారమంతయు తొడల పట్టీలమీద, భుజముల పట్టీలమీద పడును. ఆరడుగుల మనిషికి 95 కిలోలుండుట వేరు, అయిదడుగుల మనిషికి ఉండుట వేరు. పట్టీ బిగియవలసిన చోట బిగియనిచో ప్రమాదము. అందుచేత కొన్నిచోట్ల ఎత్తుకు తగిన బరువు కలదా యని కూడ చూతురు.

మూడవది నేలను తాకుట. ప్రయాణికుడు రెండు కాళ్లను ముందుకు చాచి పైకెత్తి పట్టవలెను. ఎత్తలేనిచో మడమలు ముందుగా తగిలి, వెనుకనున్న శిక్షకుని భారము కూడ వానిపై పడి, చీలమండ విరుగవచ్చును. ఇంటివద్ద కుర్చీలో కూర్చుండి, తొడలక్రింద చేతులుంచి, కాళ్లు చాచి పదిలెక్కించువరకు ఎత్తి చూచుకొనుడు. కాటా చెప్పనిది ఈ పరీక్ష చెప్పును.

కొందరు ఏడెనిమిది కిలోలు తగ్గించి వ్రాయుదురు. అట్లు చేసినచో శిక్షకుని ఎంపిక, పారాచూటు ఎంపిక, లెక్క యంతయు తప్పును. ఆ తప్పునకు వెల చెల్లించువారు ఇద్దరు. వెనుక కట్టబడినవానికిని భార్యాబిడ్డలుందురు. తూచునపుడు దూకుటకు ధరించు దుస్తులతో, బూట్లతో తూగుడు. పదిమందిలో తూగుట కష్టమైనచో ప్రక్కకు తీసికొనిపొమ్మని అడుగవచ్చును. స్త్రీలు ఇందుకు వెనుదీయ నవసరము లేదు. 2002లో ఉత్తరధ్రువముపై దూకిన రేచల్ థామస్, 2018లో థాయిలాండులో మహారాష్ట్రపు చీర కట్టుకొని దూకిన శీతల్ మహాజన్ మన దేశపు స్త్రీలే. వారిని నిలిపినది నాజూకు కాదు, శిక్షణ.

మరికొందరు రెండురోజులు కడుపు మాడ్చి, నీరు మాని హద్దులోనికి వత్తురు. తగ్గినది క్రొవ్వు కాదు, నీరు. అట్టివారు పట్టీలలో వ్రేలాడునపుడు కళ్లు తిరిగి స్పృహ తప్పవచ్చును. వారమునకు అరకిలో మొదలు కిలో వరకు తగ్గుట క్షేమకరము. అనగా 6 కిలోలకు తక్కువలో తక్కువ నెలన్నర పట్టును. ఇంటినుండి కాజాలు, పూతరేకులు పొట్లములు కట్టి పంపు తల్లులు ఆ నెలన్నర ఓపిక పట్టుట మంచిది. దూకు ఉదయమున రెండు ఇడ్డెనలు తిని, చాలినన్ని నీళ్లు త్రాగవలెను. గుండెజబ్బు, రక్తపుపోటు, వెన్నునొప్పి కలవారును, ఇటీవల శస్త్రచికిత్స జరిగినవారును వైద్యుని అనుమతి లేనిదే పోరాదు. గర్భిణులు దూకరాదు. జలుబుతో దూకినచో చెవులు బాధించును.

మీ పిల్లలు దూరదేశమునుండి ఈ కోరిక తెలిపినపుడు వలదని కోపింపవలదు. అక్కడ కాటా కలదా యని అడుగుడు. తూచి, లెక్కచూచి, "నీకిపుడు వీలుపడదు" అని డబ్బు తిరిగి ఇచ్చు కేంద్రము నమ్మదగినది. తూచకయే "ఫరవాలేదు, రండు" అను కేంద్రమునకు వెళ్లవలదని చెప్పుడు.