కరీంనగర్ అంటే 72 గుర్తులు

వెబ్ చిరునామాలో 'కరీంనగర్' అని తెలుగులో ఉన్న పేజీ లింకును కాపీ చేసి ఇంకోచోట అతికిస్తే చాలాసార్లు ఊరి పేరు మాయమవుతుంది. దాని బదులు శాతం గుర్తులు, అంకెలు, ఇంగ్లిషు అక్షరాలు కలిసిన పొడుగాటి వరస పడుతుంది. ఒక్కో అక్షరానికీ గుర్తుకూ ఒక్కో సంఖ్య ఇచ్చే యూనికోడ్ లెక్కలో ఆ పేరుకు 8 ముక్కలు: క, ర, గుడి దీర్ఘం, సున్నా, న, గ, మళ్లీ ర, చివర పొల్లు. ఒక్కో ముక్కకు 3 బైట్లు, ఒక్కో బైటుకు చిరునామాలో 3 గుర్తులు. వెరసి 72. సెర్చ్ ఇంజన్‌కు మన ఊరు చేరేది ఈ వేషంలోనే.

ఈ యంత్రం 1990లో పుట్టింది. మాంట్రియల్‌లోని మెక్‌గిల్ యూనివర్సిటీలో అలన్ ఎమ్‌టేజ్ తయారుచేసిన 'ఆర్చీ' ఫైళ్ల పేర్లు మాత్రమే వెతికేది. 1995 డిసెంబర్‌లో వచ్చిన ఆల్టావిస్టా పేజీలోని మాటలన్నిటినీ పట్టుకుంది. లోపలి పని తీరు అప్పుడూ ఇప్పుడూ ఒకటే. క్రాలర్ అనే ప్రోగ్రాం లింకు వెంట లింకు పట్టుకుని తిరుగుతూ, ఏ మాట ఏయే పేజీల్లో ఉందో ఒక సూచిక రాసిపెడుతుంది. మనం అడిగినప్పుడు వెతికేది ఆ సూచికనే. సరే, మాట లక్ష పేజీల్లో దొరికింది, ముందు ఏది చూపాలి? ఎక్కువసార్లు ఉన్న పేజీని, అన్నారు మొదట్లో. అంతే, తెల్ల పేజీ మీద తెల్ల రంగుతో ఒకే మాటను వందలసార్లు రాసేవాళ్లు బయల్దేరారు. వెతుకులాటలో పేజీని పైకి తెచ్చే ఎస్ఈఓ వృత్తిలో తొలి విద్యల్లో అదొకటి.

స్టాన్‌ఫర్డ్ విద్యార్థులు లారీ పేజ్, సెర్గీ బ్రిన్ 1996లో మొదలుపెట్టి 1998లో ప్రకటించిన పేజ్‌ర్యాంక్ పద్ధతి మరో దారి పట్టింది. పిల్లవాడి గురించి వాళ్లింట్లో అడిగితే ఏం చెబుతారు? సంబంధం చూసేవాళ్లు చుట్టుపక్కల విచారిస్తారు. చెప్పిన మనిషికి ఊళ్లో ఎంత పరపతి ఉందో, ఆ మాటకూ అంతే విలువ. అందరినీ మెచ్చుకునేవాడి మెప్పు లెక్కలోకి రాదు. ఇక్కడ మెప్పు అంటే లింకు. పేజీ తన విలువను తానిచ్చిన లింకులన్నిటికీ సమంగా పంచుతుంది. రెండిస్తే చెరి సగం, వందిస్తే వందో వంతు. నొక్కుకుంటూ పోయే మనిషి ఎప్పుడో ఒకప్పుడు విసుగెత్తి మరెక్కడికో దూకుతాడని 0.85 అనే గుణకం పెట్టుకున్నారు. 85 శాతం లింకు వెంట, మిగతా 15 శాతం ఎటో. అంకెలు కుదురుకునేదాకా ఆ లెక్కను మళ్లీ మళ్లీ తిప్పుతారు.

దీంతో లింకులు అమ్మేవాళ్లు పుట్టుకొచ్చారు. పస లేని పేజీలను 2011లో 'పాండా', కొనుక్కున్న లింకులతో పైకొచ్చిన పేజీలను 2012లో 'పెంగ్విన్' అనే మార్పులతో గూగుల్ కిందికి నెట్టింది.

ఈ దొంగాపోలీసు ఆటలో చాలాకాలం తెలుగు పేజీల జాడే లేదు. 1991లోనే యూనికోడ్‌లో తెలుగుకు చోటు దొరికినా, తొలి తెలుగు సైట్లు ఎవరి ఫాంటు వాళ్లే వాడుకున్నాయి. తెర మీద 'ఆదిలాబాద్' అని చక్కగా కనబడేది. ఫైలు తెరిస్తే అర్థం లేని ఇంగ్లిషు గుర్తులు. క్రాలర్ చదివేది ఫైలునే. అలాంటి పేజీలను యూనికోడ్‌లోకి మార్చే 'పద్మ'ను చేసింది వెన్న నాగార్జున. 2003 డిసెంబర్‌లో తెలుగు వికీపీడియాను మొదలుపెట్టిందీ ఆయనే.

యూనికోడ్ వచ్చాకా చిక్కులు పోలేదు. 'ఆదిలాబాద్‌లో' అని రాయాలంటే పొల్లుకూ 'లో'కూ మధ్య కంటికి కనబడని ఒక గుర్తు పెట్టాలి, లేకపోతే ద కింద ల వత్తు పడి 'ఆదిలాబాద్లో' అవుతుంది. చదివేవాళ్లకు రెండూ ఒకటే. యంత్రానికి మొదటిదాంట్లో ఒక ముక్క ఎక్కువ. దాన్ని వదిలేసి పోల్చుకోవడం దానికి నేర్పాలి. పైగా ఆదిలాబాద్‌కు, ఆదిలాబాద్ నుంచి, ఆదిలాబాదోళ్లు అన్నీ ఒకే ఊరని తెలియాలి. వాక్యం పోకడను బట్టి అర్థం పట్టే 'బెర్ట్' నమూనాను గూగుల్ 2019 చివర్లో తెలుగు సహా 70కి పైగా భాషలకు విస్తరించింది.

అందుకే, కరీంనగర్ వెండి ఫిలిగ్రీ అమ్ముకునే పేజీకి ముందుగా కావాల్సింది కిటుకులు కావని నా అభిప్రాయం. సన్నటి వెండి తీగలు మెలిపెట్టి, చట్రంలో అమర్చి అతికిన అత్తరుదాని ఫొటో అద్భుతంగా ఉంటుంది. పేరు, ధర, ఊరు అన్నీ ఆ ఫొటో మీదే డిజైన్‌లో రాసేస్తారు. కింద ఒక్క మాట ఉండదు, పేజీ శీర్షిక 'స్వాగతం' అని ఉంటుంది. స్వాగతం అని వెతికి అత్తరుదాని కొనేదెవరు? బొమ్మల్లోని అక్షరాలను చదవడం యంత్రాలు కొంత నేర్చుకున్నా, దాని మీద భరోసా పెట్టుకోకూడదు. శీర్షికలో 'కరీంనగర్ వెండి ఫిలిగ్రీ అత్తరుదాని' అని మామూలు అక్షరాల్లో ఉండాలి, ఫొటోకు వివరణ ఉండాలి, ఫోన్‌లో పేజీ చటుక్కున తెరుచుకోవాలి. పేజీ వెనక దాచే కీవర్డ్ ట్యాగును ర్యాంకింగ్‌కు వాడటం లేదని గూగుల్ 2009లోనే చెప్పేసింది. అయినా దానికి డబ్బులు తీసుకునేవాళ్లున్నారు!

2016 అక్టోబర్ 11న జిల్లాలు మారినప్పుడు మరో పేచీ వచ్చింది. నిర్మల్ బొమ్మలు ఆదిలాబాద్ జిల్లా నుంచి నిర్మల్ జిల్లాకు, సిరిసిల్ల మగ్గాలు కరీంనగర్ నుంచి రాజన్న సిరిసిల్లకు వచ్చాయి. పాత పేజీలు పాత జిల్లాలతోనే ఉన్నాయి, వాటికి ఏళ్లుగా కూడిన లింకులూ ఉన్నాయి. పేజీ తీసేసి కొత్తది పెడితే ఆ పరపతి పోతుంది. పాత చిరునామా నుంచి కొత్తదానికి శాశ్వతంగా దారి మళ్లించి, లోపల రెండు జిల్లాల పేర్లూ రాస్తే చాలావరకు నిలుస్తుంది.

ఇంతకంటే వెనక నుంచి బయల్దేరినవాళ్లూ ఇక్కడే ఉన్నారు. ఆదిలాబాద్ జిల్లా నార్నూర్ మండలం గుంజాలలో గోండి రాతప్రతులు దొరికాయి, జయధీర్ తిరుమలరావు తదితరులు వాటిని వెలుగులోకి తెచ్చారు. ఆ గుంజాల గోండి లిపికి 2018 జూన్‌లో యూనికోడ్ 11లో చోటు దొరికింది. అంతకుముందు దాన్ని వెతకడానికి యంత్రానికి అక్షరాలే లేవు. ఇప్పుడు ఒక్కో అక్షరానికి 4 బైట్లు, చిరునామాలో 12 గుర్తులు. ఆ లిపిలో పేజీలు రావాలి. వాటికి ఇంకో పేజీ నుంచి లింకు దొరికితే గానీ క్రాలర్ అక్కడికి సులువుగా నడిచి రాదు.