ఫ్యాను ఆగిందా? 'మోటారు కాలింది' అంటే వెంటనే నమ్మకండి!

ఎండలు ముదిరిన రోజుల్లో ఫ్యాను ఆగిపోతే ప్రాణం ఉసూరుమంటుంది కదూ! మొన్న మా అత్తయ్యగారి గదిలో అదే జరిగింది. రిమోట్‌తో నడిచే కొత్తరకం బి.ఎల్.డి.సి. ఫ్యాను అది. వచ్చిన మెకానిక్ కిందనుంచే చూసి, "మోటారు కాలిపోయిందమ్మా, కొత్తది కొనుక్కోండి" అనేశాడు. మనసొప్పక, ఐ.టి.ఐ. చదివిన మా అన్నయ్య కొడుకుని పిలిచాను. వాడు పరీక్ష చేసి మోటారు నిక్షేపంలా ఉందని తేల్చాడు. పోయింది లోపలి బోర్డు మాత్రమే! ఆ పరీక్షలేమిటో మీరూ తెలుసుకోండి.

పాత ఫ్యాను 70-80 వాట్లు లాగితే ఇది సుమారు 30 వాట్లతో తిరుగుతుంది. రోజుకి పది గంటలు వేసినా నెలకి 13 యూనిట్ల దాకా ఆదా. పాతదానికి కండెన్సరు మారిస్తే చాలాసార్లు సరిపోయేది. ఇందులో ఆ కండెన్సరు ఉండదు. తిరిగే భాగంలో అయస్కాంతాలు, తిరగని భాగంలో తీగచుట్లు, వాటికి వంతులవారీగా కరెంటు అందించే ఎలక్ట్రానిక్ బోర్డు ఉంటాయి. కరెంటు హెచ్చుతగ్గులకి, పిడుగులకి ముందుగా దెబ్బతినేది సాధారణంగా ఆ బోర్డే.

మనం చూసుకోవలసినవి:

ముందు రిమోట్‌లో సెల్స్ మార్చండి. తర్వాత సెల్‌ఫోన్ కెమెరా ముందు రిమోట్ పెట్టి బటన్ నొక్కితే చాలా రిమోట్లలో చిన్న వెలుగు మెరుస్తూ కనబడుతుంది. వెనక కెమెరాలో కనబడకపోతే ముందు కెమెరాలో చూడండి.

మెయిన్ ఆపేసి, రెక్కని చేత్తో తిప్పండి. తేలిగ్గా తిరగాలి. గరగరమంటే బేరింగుల దోషం.

స్విచ్ వేస్తే అటూ ఇటూ వణికి ఆగిపోతోందా? మోటారుకి వెళ్ళే మూడు వైర్లలో ఒకటి ఊడి ఉండొచ్చు, లేదా బోర్డు దెబ్బతిని ఉండొచ్చు.

గోడమీది పాత రెగ్యులేటరు గుండా కనెక్షన్ ఉంటే తీయించెయ్యండి. ఈ ఫ్యానుకి అది పడదు.

మెకానిక్ చేత చేయించవలసినవి:

ఇవి మనం చెయ్యకూడదు, దగ్గరుండి చూడాలి. మెయిన్ ఆపినా బోర్డులో కాసేపు కరెంటు నిలవ ఉంటుంది. కొన్ని నిమిషాలు ఆగాకే విప్పమనండి. బోర్డునుంచి మోటారు వైర్లు మూడూ విడదీసి, రెండేసి చొప్పున మల్టీమీటరు పెట్టించండి. మూడుసార్లూ అంకె దాదాపు ఒకేలా రావాలి. ఒకటి బాగా తేడాగా ఉన్నా, అసలు రాకపోయినా చుట్లు దెబ్బతిన్నట్టే. ఏ వైరుకీ ఫ్యాను బాడీతో సంబంధం చూపించకూడదు.

ఇంకో చిట్కా. ఆ మూడు వైర్ల కొసలూ కలిపిపట్టి రెక్క తిప్పితే బరువుగా తిరగాలి, విడదీస్తే తేలికవ్వాలి. అలా అయితే మోటారు బాగున్నట్టే. విడిగా ఉన్నా బరువుగానే ఉంటే లోపల షార్ట్ అయిందనో, బేరింగు పట్టేసిందనో అర్థం.

వారంటీ ఉంటే మాత్రం బయటివాళ్ళని విప్పనివ్వకండి, కంపెనీవాళ్ళనే పిలవండి.

బోర్డు మార్చాక మా అత్తయ్యగారు మధ్యాహ్నం హాయిగా కునుకు తీస్తున్నారు. కొంగు చిరిగిందని చీరంతా పారేస్తామా? ఫ్యానూ అంతే!