సైకిల్‌కు ఏ పెట్టె కొనాలి?

కోచింగ్ కోసం వరంగల్ నుంచి హైదరాబాద్ పోయేటప్పుడు సైకిల్ కూడా రైలులో తీసుకుపోతే అక్కడ బస్సు చార్జీలు మిగులుతాయి. విమానంలో పంపేవారి గట్టి ప్లాస్టిక్ పెట్టె ధర మన పాత సైకిల్ ధరకన్నా ఎక్కువ. మనకది వద్దు. గేరు సైకిలైతే షాపులో ఖాళీ అట్టపెట్టె అడగండి. మామూలు పెద్ద సైకిల్‌కు పాత గోనె సంచులు, సుతిలి చాలు.

సీటు, హ్యాండిల్, చైను చుట్టండి. చక్రాలు విప్పకండి, దొర్లే సామానును ఎవరూ ఎత్తి విసరరు. పెడళ్లు విప్పండి. ఎడమ పెడల్ మర తిరగేసి ఉంటుంది, గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితేనే ఊడుతుంది. అది తెలియక, అమ్మ కూలి డబ్బుతో కొన్న సైకిల్ మర మేమే చెడగొట్టుకున్నాం. మిగిల్చిన పైసలు రిపేరుకే పోయాయి.

పేరు, దిగే స్టేషన్ రాసిన అట్టముక్క కట్టి, ముందుగానే పార్సిల్ ఆఫీసుకు టికెట్‌తో వెళ్లండి. రసీదు జేబులో భద్రం, దిగాక అది చూపితేనే సైకిల్ ఇస్తారు.