అరిగిన బుష్ మార్చడం వేరు, గట్టి బుష్ వేయడం వేరు

గంటకు 100 కిలోమీటర్ల వేగంతో వెళ్లే కారు సెకనుకు దాదాపు 28 మీటర్లు ముందుకు పోతుంది. ఆ వేగంలో ఉండగా ముందున్న లారీ హఠాత్తుగా లేన్ మారితే డ్రైవర్ బ్రేక్ గట్టిగా తొక్కుతాడు. అప్పుడు కారు తిన్నగా ఆగుతుందా, ఒక పక్కకు లాగుతుందా అన్నది బ్రేకులు, టైర్ల చేతిలోనే ఉండదు. ముందు చక్రాలను కారు అడుగున ఉండే సబ్‌ఫ్రేమ్‌తో కలిపే చోట పిడికిలిలో పట్టేంత రబ్బరు ముక్కలు కొన్ని ఉంటాయి. సగం సంగతి వాటి చేతిలో ఉంటుంది. మెకానిక్‌లు వాటిని బుష్‌లు అంటారు.

బుష్‌లు ప్రతి కారులోనూ అరుగుతాయి. అయితే ఎక్కువ శక్తి, పెద్ద బ్రేకులు, పక్క గోడ తక్కువగా ఉండే టైర్లతో వచ్చే పెర్ఫార్మెన్స్ సెడాన్‌లో ఆ అరుగుదల త్వరగా బయటపడుతుంది. అలాంటి కార్లను నడిపే వేగంలో దాని పర్యవసానం కూడా పెద్దదే.

స్కోడా ఆక్టావియా ఆర్‌ఎస్ ఇందుకు మంచి ఉదాహరణ. వెనుక డోర్ అద్దంతో సహా పైకి లేచినా, మన మార్కెట్ దీన్ని సెడాన్‌గానే లెక్కేస్తుంది. భారత్‌లో ఆర్‌ఎస్ 230 మోడల్ 2017లో వచ్చింది. 2020లో ఆర్‌ఎస్ 245ను 200 కార్లకే పరిమితం చేసి తెచ్చారు. రెండింటిలోనూ 2 లీటర్ల టర్బో పెట్రోల్ ఇంజనే. పేరులోని అంకె దాని హార్స్‌పవర్. మొదటిదానిలో 350, రెండోదానిలో 370 న్యూటన్ మీటర్ల టార్క్ మొత్తం ముందు చక్రాలకే వెళ్తుంది. ఇవి ఇప్పుడు సెకండ్ హ్యాండ్‌లో కొనుక్కోవాల్సిన కార్లు. ఇంజన్ ఎంత బాగున్నా, సస్పెన్షన్‌లోని రబ్బరుకు మాత్రం వయసు మీద పడుతూనే ఉంటుంది.

అలాంటి కారు యజమానికి ఒక రోజు ఒక ప్రశ్న ఎదురవుతుంది. బుష్‌లు ఎలాగూ మార్చాలి. కంపెనీ వేసిన రకమే మళ్లీ వేయించాలా, లేక రేస్ కార్లలో వాడే పాలీయురేథేన్ లాంటి గట్టి రకానికి మారాలా? అప్‌గ్రేడ్ అనగానే చాలామందికి గట్టిదనమే గుర్తొస్తుంది. అసలు బుష్ ఏం పని చేస్తుందో తెలిస్తే ఆ లెక్క అంత సులువుగా తేలదు.

రబ్బరు ఎందుకు?

ఆక్టావియా ముందు భాగంలో మెక్‌ఫర్సన్ స్ట్రట్ సస్పెన్షన్ ఉంటుంది. పైన స్ప్రింగ్, షాక్ అబ్సార్బర్ కలిసిన స్ట్రట్, కింద లోయర్ ఆర్మ్. ఆ ఆర్మ్ బయటి కొన చక్రం వైపు బాల్ జాయింట్‌తో కలుస్తుంది. లోపలి వైపు రెండు బుష్‌ల ద్వారా సబ్‌ఫ్రేమ్‌కు కలుస్తుంది. ఒకటి ముందు బుష్, మరొకటి వెనుక బుష్.

మామూలు బుష్‌లో లోపల ఒక లోహపు గొట్టం, బయట మరొకటి, రెండింటి మధ్య వాటికి అతుక్కుపోయిన రబ్బరు ఉంటాయి. చక్రం పైకీ కిందికీ కదిలినప్పుడు ఇందులో ఏదీ జారదు. రబ్బరే మెలితిరిగి మళ్లీ యథాస్థితికి వస్తుంది. జారేది ఏదీ లేదు కాబట్టి గ్రీజు అక్కర్లేదు, శబ్దం రాదు. మన మెకానిక్‌లు వీటిని సైలెంట్ బ్లాక్ బుష్‌లు అనడం ఇందుకు తగ్గట్టే ఉంది.

ఈ మెత్తదనం ఖర్చు తగ్గించుకోవడానికి పెట్టింది కాదు. మిషెలిన్ సంస్థ 1946లో పేటెంట్ తీసుకున్న రేడియల్ టైరు క్రమంగా కార్లన్నింటికీ చేరింది. దాని నడుమ ఉండే గట్టి బెల్టు రోడ్డును బాగా పట్టుకుంటుంది, ఎక్కువ కాలం మన్నుతుంది. కానీ రోడ్డు అతుకులను దాటేటప్పుడు చక్రాన్ని వెనక్కి నెట్టే దెబ్బను పెద్దగా మింగలేదు. చక్రం ఆ క్షణంలో కొన్ని మిల్లీమీటర్లు వెనక్కి జరిగేలా వీలు కల్పిస్తేనే ఆ దెబ్బ క్యాబిన్‌లోకి రాదు. లోయర్ ఆర్మ్ బుష్‌ల మెత్తదనం ఇచ్చేది ఆ వీలునే.

రెండు బుష్‌ల పని ఒకటి కాదు. ముందు బుష్ ప్రధానంగా మలుపుల్లో వచ్చే పక్కవాటు బలాన్ని మోస్తుంది. అందుకే అది సాధారణంగా గట్టిగా ఉంటుంది. చక్రాన్ని ముందుకూ వెనక్కూ కాస్త కదలనిచ్చే పని వెనుక బుష్‌ది. అది పెద్దగా, మెత్తగా ఉంటుంది. చాలా కార్లలో దాని రబ్బరు మధ్య కావాలనే ఖాళీలు వదులుతారు. అందుకే ముందుగా అరిగేది, చిరిగేది కూడా ఎక్కువగా అదే.

చిరిగితే ఏమవుతుంది?

బ్రేక్ వేసినప్పుడు రోడ్డు చక్రాన్ని వెనక్కి లాగుతుంది. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు, ముందు చక్రాలే నడిపే కారులో, అదే చక్రం ఆర్మ్‌ను ముందుకు తోస్తుంది. బుష్ బాగున్నంతవరకు ఈ కదలిక డిజైనర్ అనుకున్న హద్దులో, రెండు వైపులా సమానంగా ఉంటుంది. రబ్బరు చిరిగాక ఆ హద్దు చెరిగిపోతుంది. చక్రం వెనక్కి ఎక్కువగా జరుగుతుంది, కానీ స్టీరింగ్ రాడ్ దానితోపాటు జరగదు. ఫలితంగా డ్రైవర్ స్టీరింగ్ తిప్పకుండానే చక్రం కాస్త తిరుగుతుంది. చక్రాల ముందు అంచులు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణాన్ని టో అంటారు. అది బ్రేక్ తొక్కిన ప్రతిసారీ మారుతుంది. ఒక వైపు బుష్ ఎక్కువగా చిరిగితే కారు ఆ తేడా మేరకు పక్కకు లాగుతుంది.

ఇది చిన్న కోణమే. కానీ దాని లెక్క చిన్నది కాదు. అర డిగ్రీ వంకరగా నడిచే టైరు ఒక కిలోమీటరు దూరంలో దాదాపు 8.7 మీటర్లు పక్కకు ఒరుసుకున్నట్టు లెక్క. టైరు ఒక అంచున గుండు కావడానికి కారణం అక్కడుంది. అలైన్‌మెంట్ మళ్లీ మళ్లీ చేయించినా నిలవకపోవడానికి కారణమూ అదే. కదలకుండా నిలబడిన కారుకు కోణం సరిచేస్తారు. రోడ్డెక్కి బ్రేక్ తొక్కగానే అది మారిపోతుంది.

బ్రేక్ వేసినప్పుడు స్టీరింగ్ వణకడం మరో లక్షణం. చాలామంది ముందు డిస్కులు మారుస్తారు. వణుకు పోతుంది, కొన్నాళ్లకు మళ్లీ వస్తుంది. డిస్కు మందంలో వచ్చే అతి సూక్ష్మమైన తేడా కూడా బ్రేక్ బలాన్ని లయగా పెంచి తగ్గిస్తుంది. మంచి బుష్ ఆ కుదుపును అణచివేస్తుంది. చిరిగిన బుష్ దాన్ని పెంచి స్టీరింగ్ దాకా పంపుతుంది. బుష్‌లు చూడకుండా డిస్కులు మారిస్తే సగం జబ్బుకే మందు వేసినట్టు.

మన రోడ్ల పాత్ర

రబ్బరుకు వేడి, గాలిలోని ఓజోన్, కారే ఇంజన్ ఆయిల్ శత్రువులు. మన వేసవి వీటిలో మొదటిదాన్ని పుష్కలంగా ఇస్తుంది. దానికి రోడ్లు తోడవుతాయి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ మార్గదర్శకాల ప్రకారం, గంటకు 25 కిలోమీటర్ల వేగంతో దాటేలా కట్టే స్పీడ్ బ్రేకర్ 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలి. అంటే నెమ్మదిగా ఎక్కి దిగే వంపు. వీధుల్లో, ఊళ్ల మధ్య కనిపించేవి చాలావరకు అడుగు, రెండడుగుల వెడల్పున్న గట్టి దిమ్మలు. అదే ఎత్తును అంత తక్కువ దూరంలో ఎక్కాల్సి వస్తే, ఆ దెబ్బ చక్రాన్ని పైకి ఎత్తడంతో ఆగదు. వెనక్కి కూడా నెడుతుంది. ఆ దెబ్బ నేరుగా తగిలేది వెనుక బుష్‌కే.

మరోవైపు వేగాలు పెరుగుతున్నాయి. 2018లో కేంద్ర రవాణా శాఖ ఎక్స్‌ప్రెస్‌వేలపై కార్ల గరిష్ఠ వేగాన్ని గంటకు 120 కిలోమీటర్లుగా నోటిఫై చేసింది. వీధిలో దిమ్మలు ఎక్కి చిరిగిన బుష్‌తోనే కారు ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కుతుంది.

ఏ బుష్ వేయాలి?

మొదటి దారి, కంపెనీ ప్రమాణంలో ఉన్న కొత్త రబ్బరు బుష్. రెండోది, అదే రబ్బరులో ఖాళీలు తగ్గించి లేదా పూర్తిగా నింపి చేసిన గట్టి రకం. మూడోది పాలీయురేథేన్. నాలుగోది మెత్తదనమే లేని లోహపు గోళాకార బేరింగ్.

గట్టిదనాన్ని షోర్ ఏ కొలమానంలో చెబుతారు. రబ్బరు బుష్‌లు సాధారణంగా 50 నుంచి 70 మధ్య, పాలీయురేథేన్ 70 నుంచి 95 మధ్య ఉంటాయి. పాలీ తక్కువగా నొక్కుకుపోతుంది కాబట్టి బ్రేక్ వేసినా, మలుపు తిరిగినా చక్రం కోణం బాగా నిలబడుతుంది. స్టీరింగ్ తిప్పగానే కారు స్పందిస్తుంది. ఇవి నిజమైన లాభాలే.

నష్టాలూ అంతే నిజం. పాలీ బుష్ లోపలి గొట్టానికి అతుక్కుని ఉండదు, దాని మీద జారుతుంది. అందుకే తగిన గ్రీజు కావాలి. దుమ్ము చేరితే, గ్రీజు ఎండిపోతే కిర్రుమంటుంది. రబ్బరు ఒకేసారి పలు దిక్కుల్లో వంగుతుంది. పాలీ ఒక దిక్కులో తిరగడానికి బాగుంటుంది కానీ, పక్కకు ఒరగాల్సి వస్తే మొరాయిస్తుంది. గోళాకార బేరింగ్ ఒరగడంలో మొరాయించదు, కానీ దెబ్బను ఏమాత్రం మింగదు, దుమ్ములో త్వరగా వదులవుతుంది. అది ట్రాక్ మీద నడిపి తరచూ మార్చుకునే కార్లకు తగినది.

అన్నింటికంటే ముఖ్యమైన విషయం ఇంకొకటి ఉంది. దెబ్బను మింగే ముక్కను గట్టిపరిస్తే దెబ్బ మాయం కాదు, పక్క ముక్క మీదికి పోతుంది. బాల్ జాయింట్, స్ట్రట్ పై మౌంట్, సబ్‌ఫ్రేమ్, చివరికి కారులో కూర్చున్నవాళ్లు దాన్ని భరించాలి. జర్మనీలో నున్నటి రోడ్డు మీద నడిచే కారుకు ఈ మూల్యం తక్కువ. రోజూ పాతిక స్పీడ్ బ్రేకర్లు దాటే కారుకు ఎక్కువ.

ఇక్కడే చాలామంది పోలికలో పొరబడతారు. పదేళ్ల నాటి చిరిగిన రబ్బరు తీసి పాలీ వేయించిన యజమానికి కారు మారిపోయినట్టే అనిపిస్తుంది. ఆ మార్పులో ఎంత పాలీ వల్ల వచ్చింది, ఎంత కొత్తదనం వల్ల వచ్చింది? అతను కొత్త రబ్బరుతో పోల్చలేదు, చిరిగిన రబ్బరుతో పోల్చాడు. షోరూమ్ నుంచి వచ్చిన రోజు ఆ కారు ఎలా నడిచిందో అతనికి తెలియదు. సెకండ్ హ్యాండ్‌లో కొన్నవారికి తెలిసే అవకాశమే లేదు. అందుకే రోజూ రోడ్డు మీద నడిపే కారుకు సబబైన క్రమం ఇది: ముందు నాణ్యమైన కొత్త రబ్బరు వేయించి నడిపి చూడాలి. ఇంకా బిగువు కావాలనిపిస్తే వెనుక బుష్‌ను మాత్రం గట్టి రబ్బరు రకానికి మార్చాలి. పాలీ ఆ తర్వాతి మాట.

వేసే తీరులోనే మన్నిక

బుష్ పోయిందో లేదో శబ్దాన్ని బట్టి తేల్చకూడదు. దిమ్మ మీద టక్కుమనే శబ్దం స్టెబిలైజర్ లింక్ నుంచి, స్ట్రట్ మౌంట్ నుంచి కూడా వస్తుంది. కారును లిఫ్ట్ మీదికి ఎత్తి, ఆర్మ్‌కు సబ్‌ఫ్రేమ్‌కు మధ్య ఇనుప లీవర్ పెట్టి మెల్లగా ఎత్తి చూడాలి. పైపైన సన్నటి పగుళ్లుంటే కంగారు అక్కర్లేదు. రబ్బరు లోహం నుంచి ఊడినా, లోతుగా చిరిగినా మార్చాల్సిందే. బీఎండబ్ల్యూ 3, 5 సిరీస్‌లలోని పలు తరాల కార్లలో ముందు ఆర్మ్ బుష్ లోపల ద్రవం నింపి ఉంటుంది. దాని చుట్టూ తడి మరక కనిపిస్తే ఆ బుష్ పని అయిపోయినట్టే.

మార్చేటప్పుడు రెండు వైపులా ఒకేసారి మార్చాలి. ఒక వైపు కొత్తది, మరో వైపు పాతది ఉంటే బ్రేక్ వేసినప్పుడు పక్కకు లాగే జబ్బు కొత్తగా మొదలవుతుంది. పాత బుష్‌ను సుత్తితో కొట్టి తీయకూడదు, హైడ్రాలిక్ ప్రెస్‌తో తీయాలి. ఖాళీలున్న బుష్ ఏ దిక్కుకు ఉండాలో గుర్తు ఉంటుంది. దాన్ని తిప్పి నొక్కితే మెత్తగా ఉండాల్సిన దిక్కు గట్టిగా, గట్టిగా ఉండాల్సిన దిక్కు మెత్తగా అవుతుంది.

ఎక్కువగా జరిగే పొరపాటు చివరి బిగింపులో ఉంది. కారు లిఫ్ట్ మీద ఉండగా చక్రాలు కిందికి వేలాడుతుంటాయి. ఆ స్థితిలో బోల్టు పూర్తిగా బిగిస్తే రబ్బరు అక్కడే పట్టుకుంటుంది. కారును నేల మీదికి దించగానే అది మెలితిరుగుతుంది, ఇక ఎప్పటికీ ఆ మెలికలోనే ఉంటుంది. ఏళ్లు మన్నాల్సిన బుష్ నెలల్లో చిరుగుతుంది, నింద మాత్రం బుష్ నాణ్యత మీద పడుతుంది. అందుకే కారు బరువు చక్రాల మీద ఉన్నప్పుడు, లేదా సస్పెన్షన్‌ను జాక్‌తో అదే ఎత్తుకు లేపినప్పుడు చివరి బిగింపు చేయాలి. నిర్దేశించిన టార్క్ తర్వాత మరికొన్ని డిగ్రీలు తిప్పి బిగించే బోల్టులైతే కొత్తవి వేయాలి. అవి ఒకసారి సాగితే మళ్లీ పనికిరావు. ఆ తర్వాతే వీల్ అలైన్‌మెంట్.

ఈ పని అప్పజెప్పేముందు యజమాని గ్యారేజీని ఒక్క ప్రశ్న అడిగితే చాలు: ‘చివరి బిగింపు ఎక్కడ చేస్తారు, లిఫ్ట్ మీదా, నేల మీదా?’ దానికి వచ్చే జవాబు ఏ ఖరీదైన అప్‌గ్రేడ్ కంటే ఎక్కువగా ఆ కారు భవిష్యత్తును నిర్ణయిస్తుంది.