షిఫ్టు విడదీసిన దోస్తీలు: మళ్లీ కలపడం ఎలా?

విశాఖలో మగాళ్ల దోస్తీలు గొడవపడి తెగేవి తక్కువ. షిఫ్టు మారి తెగేవే ఎక్కువ. ఒకరిది ఏ షిఫ్టు, ఇంకొకరిది సీ షిఫ్టు. ఒకరు ఉక్కునగరం క్వార్టర్స్‌లో, ఇంకొకరు కోటవీధిలో. మధ్యలో పాతిక కిలోమీటర్లు, దానికి తోడు గాజువాక ట్రాఫిక్. ‘ఒకరోజు తీరిగ్గా కలుద్దాం రా’ అనుకుంటారు. ఆ ఒకరోజు వచ్చేసరికి అది ఎవరిదో వలీమా అయి ఉంటుంది, లేదంటే జనాజా. ఖబరస్తాన్ గేటు దగ్గర ఐదు నిమిషాలు ఖైరియత్ అడిగి ఎవరి బండి వాళ్లు ఎక్కేస్తారు.

ఈ ఊరు నడిచే తీరే అలాంటిది. 1933లో మొదలైన పోర్టుకి, 1992లో జాతికి అంకితమైన స్టీల్ ప్లాంట్‌కి రాత్రీ పగలూ తేడా లేదు. కోక్ ఓవెన్లను చల్లారనిస్తే దెబ్బతింటాయి కాబట్టి పండగ రోజైనా మనుషులు ఉండాల్సిందే. ఒకప్పుడు పోర్టులో బస్తాల పని గ్యాంగులుగా చేసేవారు. కలిసి మోసి, కలిసి తిని, కలిసి తిట్టుకునేవారు. 2003లో కంటైనర్ టెర్మినల్ వచ్చింది. పెట్టెను ఎత్తేది క్రేన్, పైన క్యాబిన్‌లో ఆపరేటర్ ఒక్కడే.

మగాళ్ల స్నేహం ఎక్కువగా ఒక చోటుకి, ఒక పనికి అతుక్కుని ఉంటుంది. క్యాంటీన్, కంపెనీ బస్సు, మస్జిద్ మెట్లు. ఆ చోటు పోతే స్నేహమూ మెల్లగా పోతుంది. ఆడవాళ్లు ఫోన్‌లోనే చుట్టరికాలన్నీ నిలబెడతారు. మన ఇళ్లల్లో ఎవరి కూతురికి నెలలు నిండాయో, ఎవరింటికి ఈద్ సేమ్యా పంపాలో గుర్తుంచుకునేది ఆవిడే. ఆయన తన దోస్తు ఇంటి సంగతులు కూడా ఆవిడ నోటే వింటాడు. ఆవిడ ముందుగా పోతే ఆయనకి భార్యతో పాటు ఊరంతా దూరమవుతుంది.

2025లో స్టీల్ ప్లాంట్‌లో వెయ్యిమందికి పైగా వీఆర్ఎస్ తీసుకుని బయటికొచ్చారు. డబ్బు ఎక్కడ పెట్టాలో చెప్పడానికి బ్యాంకులవాళ్లు, ప్లాట్లవాళ్లు క్యూ కడతారు. పొద్దున ఆరింటికి లేచి ఎక్కడికి వెళ్లాలో చెప్పేవాళ్లు మాత్రం ఉండరు. పిల్లలు హైదరాబాద్‌లోనో దుబాయ్‌లోనో ఉంటారు.

ఇది విశాఖ సమస్యే కాదు. అమెరికాలో 2021లో జరిగిన ఒక సర్వేలో దగ్గరి స్నేహితుడు ఒక్కడూ లేడన్న మగాళ్లు 15 శాతం. 1990లో వాళ్లు 3 శాతమే. ఒంటరితనానికీ, ఏటా సుమారు 8 లక్షల 71 వేల మరణాలకూ సంబంధం ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 నివేదిక అంచనా.

కూర్మన్నపాలెం దీక్షా శిబిరాన్ని ఈ కోణంలో ఎవరూ చూడలేదు. ప్రైవేటీకరణకు వ్యతిరేకంగా 2021 ఫిబ్రవరిలో మొదలైన రిలే దీక్షలు వెయ్యి రోజులు దాటాయి. ఉద్యమం ఏం సాధించిందన్నది వేరే చర్చ. రిలే అంటే వంతు. ఏ రోజు ఎవరు కూర్చోవాలో ముందే తెలుసు, టెంటు ఎక్కడుందో తెలుసు. ‘ఖాళీ ఉంటే వస్తా’ అనే మాటకి అక్కడ చోటు లేదు. పాత దోస్తీకి కావలసింది కూడా సరిగ్గా ఇదే, ఒక వంతు. ఆస్ట్రేలియాలో 1990ల నుంచి ‘మెన్స్ షెడ్’లు నడుస్తున్నాయి. రిటైరైన మగాళ్లు అక్కడ చేరి కుర్చీలు బాగుచేస్తారు, చెక్క పని చేస్తారు. ఎదురెదురుగా కూర్చుని మనసు విప్పమంటే విప్పనివాళ్లు, పక్కపక్కన పని చేస్తూ మాట్లాడతారు.

కష్టమంతా మొదటి ఫోన్‌లోనే. ‘ఇన్నేళ్ల తర్వాత చేస్తే డబ్బు అడుగుతాడనుకుంటాడేమో’ అనే జంకు. 2024లో వచ్చిన ఒక అధ్యయనంలో, పాత స్నేహితుడితో మాట్లాడాలని ఉన్నవాళ్లకి మెసేజ్ రాసే టైమిచ్చినా పంపినవాళ్లు మూడోవంతు కూడా లేరు. 2022లో పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయ పరిశోధకురాలు పెగ్గీ లియూ బృందం రెండోవైపు చూసింది. మనం అనుకునేదానికంటే అవతలివాడు ఎక్కువ సంతోషిస్తాడని తేలింది. కాబట్టి గుడ్ మార్నింగ్ ఫొటోలు పంపడం మానేసి, ఇలా రాస్తే చాలు: ‘సలామ్ రా. ఇవాళ పూర్ణామార్కెట్ మీదుగా వెళ్తుంటే నువ్వు గుర్తొచ్చావ్. ఆదివారం నీకు ఏ షిఫ్టు?’ షిఫ్టు అడగడం ముఖ్యం. మారే షిఫ్టులకి ‘ప్రతి శుక్రవారం’ కుదరదు, వీక్లీ ఆఫ్ చూసి తేదీ వేయాలి. ఫజర్ తర్వాత ఖాళీ ఉన్నవాళ్లకి బీచ్ రోడ్డు ఉంది. నడిచేవాళ్ల కోసం అప్పుడు బళ్లు ఆపేస్తారు కూడా.

ఎంత టైం పడుతుంది? కాన్సాస్ విశ్వవిద్యాలయానికి చెందిన జెఫ్రీ హాల్ 2018లో వేసిన లెక్క ప్రకారం, కొత్త పరిచయం దగ్గరి స్నేహం కావడానికి 200 గంటలకు పైనే కావాలి. వారానికి రెండు గంటలైతే దాదాపు రెండేళ్లు. కలిసి పనిచేసిన గంటల కన్నా ఊరికే కలిసి గడిపినవే ఎక్కువ లెక్కకొస్తాయట. పాత దోస్తులు సున్నా నుంచి మొదలుపెట్టక్కర్లేదు. అదొక్కటే లాభం.

ఇక అసలు చిక్కు, బాకీ. చేబదులు ఇచ్చి, అడగలేక మాట్లాడటం మానేసినవాళ్లు చాలామంది. ఇక్కడ మొహమాటం పనికిరాదు. తీర్చలేని స్థితిలో ఉన్నవాడికి గడువివ్వమని, అప్పును రాసిపెట్టుకోమని ఖుర్ఆన్ రెండూ చెబుతుంది. మాఫీ చేస్తే చేసినట్టు నోటితో చెప్పాలి, లేదంటే కొత్త తేదీ కాగితం మీద పెట్టుకోవాలి. రెండూ చేయకుండా టీకి పిలిస్తే ఇద్దరూ ఆ బాకీ గురించే ఆలోచిస్తూ టీ తాగుతారు. మాటపట్టింపులు అంతకంటే తేలిక. ముస్లిం తన సోదరుడితో మూడు రోజులకు మించి మాట మానకూడదని, ముందు సలామ్ చెప్పేవాడే మేలైనవాడని హదీసు. ముప్పై ఏళ్ల లెక్క ఎవరైనా వేసుకోవచ్చు.

అన్నీ అతుక్కోవు. రెండుసార్లు పలకరించినా జవాబు లేకపోతే వదిలేయడమే మర్యాద. ఎవరైనా తిండి, నిద్ర, నమాజు అన్నీ వదిలేసి ముడుచుకుపోతుంటే అది దోస్తుల వల్ల మాత్రమే తీరేది కాదు. ప్రభుత్వ టెలి మానస్ నంబరు 14416కి ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు.

ఇంట్లోవాళ్లు చేయగలిగేదీ ఉంది. ‘అబ్బాజాన్, ఎవరినైనా కలవొచ్చుగా’ అంటే ఆయన టీవీ సౌండ్ పెంచుతాడు. కంటి ఆపరేషన్ చెకప్‌కి కొడుకు సెలవు పెట్టే బదులు, ‘ఫలానా చాచాని తోడు తీసుకెళ్లండి’ అనొచ్చు. హాస్పిటల్ బెంచీ మీద ఇద్దరికీ మూడు గంటలు ఎలాగూ దొరుకుతాయి.