జనవరిలో జట్టు బలం కొలవడం ఎలా?

2024 నవంబరు ఆఖరి వారంలో అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్‌లో రెండు పెద్ద జట్లు ఒకే అంకె దగ్గర కనిపించాయి. ఏడేసి మ్యాచ్‌లు, నాలుగేసి గెలుపులు, మూడేసి ఓటములు. మొదటిది కనెక్టికట్. అందరూ యూకాన్ అంటారు. 2023లోనూ 2024లోనూ టైటిల్ దానిదే. హవాయిలో మావీ టోర్నీకి వెళ్లి మూడు రోజుల్లో మూడు మ్యాచ్‌లూ పోగొట్టుకుంది. మెంఫిస్ ఓవర్‌టైమ్‌లో 99–97తో, కొలరాడో 73–72తో, డేటన్ 85–67తో ఓడించాయి. రెండోది హ్యూస్టన్. అది ఆబర్న్ చేతిలో 74–69తో, తర్వాత లాస్ వేగస్‌లో అలబామా చేతిలో 85–80తో, శాన్ డియేగో స్టేట్ చేతిలో 73–70తో ఓడింది. చివరి రెండూ ఓవర్‌టైమ్‌కి వెళ్లినవే.

అక్కణ్నుంచి యూకాన్ పడుతూ లేస్తూ సాగి మార్చిలో జాతీయ టోర్నీ రెండో రౌండ్‌లో ఇంటిదారి పట్టింది. హ్యూస్టన్ వరసగా 13 గెలిచింది. 2025 ఏప్రిల్ 7న శాన్ ఆంటోనియోలో ఫైనల్ ఆడి, ఫ్లోరిడా చేతిలో 65–63తో రెండు పాయింట్ల తేడాతో టైటిల్ చేజార్చుకుంది.

4–3 అనే అంకె ఈ తేడాను దాచేసింది. ఓడించింది ఎవరన్నది చూస్తే మాత్రం నవంబరులోనే చాలావరకు తెలిసేది. యూకాన్‌ని ఒక్క పాయింటుతో ఓడించిన కొలరాడో ఆ సీజన్‌ని 14 గెలుపులు, 21 ఓటములతో ముగించింది. హ్యూస్టన్‌ని ఓడించినవాటిలో ఆబర్న్ ఫైనల్ ఫోర్‌కి (టోర్నీ సెమీఫైనల్స్‌కి), అలబామా చివరి ఎనిమిది జట్లలోకి వెళ్లాయి. పైగా హ్యూస్టన్ మూడు ఓటముల్లోనూ తేడా మొత్తం కలిపితే 13 పాయింట్లు. యూకాన్‌కి డేటన్ ఒక్కటే 18 తేడా చూపించింది.

సీజన్ సగంలో ఎవరు గట్టివాళ్లని అడిగితే గెలుపుల పట్టిక తెరిచేవాళ్లే ఎక్కువ. నా మాటైతే అది ఆఖర్న చూడాల్సినది. 2024–25లో కాలేజీ ఆట పై అంచె అయిన డివిజన్ వన్‌లో 364 జట్లున్నాయి. మార్చి టోర్నీకి చేరేది 68. జనవరి మధ్యకి ఒక్కో జట్టు ఆడేది 16, 17 మ్యాచ్‌లు. పెద్ద జట్లకైతే అందులో సగం బలహీన జట్లని సొంతూరికి పిలిపించుకుని కొట్టినవే. అలాంటి గెలుపులు లెక్కపెట్టి బలాబలాలు తేల్చలేం.

ఐపీఎల్ పట్టికలో పాయింట్ల పక్కనున్న నెట్ రన్‌రేట్ వంక కూడా చూసే అలవాటున్నవాళ్లకి ఇక్కడి కొలత తొందరగానే పట్టుబడుతుంది. బాస్కెట్‌బాల్‌లో ఓవర్లుండవు, పొసెషన్లుంటాయి. బంతి ఒక జట్టు చేతికి వచ్చినప్పటినుంచి అవతలివాళ్ల చేతికి వెళ్లేదాకా ఒక పొసెషన్. కాలేజీ ఆటలో 40 నిమిషాల్లో ఒక్కో జట్టుకి సుమారు 67, 68 వస్తాయి. హ్యూస్టన్‌లా నింపాదిగా ఆడేవాళ్లకి ఇంకా తక్కువ. 60 పొసెషన్లలో 70 పాయింట్లు చేసిన జట్టు, 75 పొసెషన్లలో 80 చేసిన జట్టుకన్నా మెరుగ్గా ఆడినట్టు. నూటికి లెక్కేస్తే మొదటిది 116.7, రెండోది 106.7. స్కోరు బోర్డు రెండో జట్టుని పొగుడుతుంది, లెక్క మొదటిదాన్ని.

పొసెషన్లని స్కోర్ షీట్ నేరుగా చెప్పదు, కూడి తీయాలి. వేసిన షాట్లలోంచి తమ షాటు తప్పినప్పుడు తామే పట్టిన రీబౌండ్లని తీసేసి, టర్నోవర్లు (షాటు వేయకుండానే బంతి పోగొట్టుకున్నవి) కలిపి, ఫ్రీ త్రోలని 0.475తో గుణించి కలుపుతారు. ఫ్రీ త్రోలు ఎక్కువగా రెండేసి వస్తాయి కాబట్టి సుమారు సగం. బుట్ట పడ్డాక దక్కే అదనపు త్రోలాంటివి ఉండటంతో సగంకన్నా కాస్త తక్కువ.

ఇంతవరకూ కూడికలే. అసలు పని తర్వాతది. ఎదురుగా ఉన్నది ఎవరు, ఆడింది ఎవరి ఊళ్లో అన్నదాన్నిబట్టి ఆ అంకెని సరిచేయాలి. ఈ పనిని అందరికీ అలవాటు చేసినవాడు కెన్ పొమెరాయ్. కెన్‌పామ్ రేటింగ్స్ ఆయనవే. ఒకప్పుడు వృత్తిరీత్యా వాతావరణ శాస్త్రవేత్త. ‘రేపు వాన పడుతుంది’ అనకుండా ‘పడే అవకాశం ఇంత శాతం’ అనే పద్ధతి ఆయన పట్టికల్లోనూ ఉంటుంది. సగటు జట్టుమీద నూరు పొసెషన్లకి మీరు ఎన్ని చేస్తారు, ఎన్ని ఇస్తారు, ఆ రెండింటి తేడా ఎంత అన్నదే ఆయన మూల కొలమానం. మార్చి టోర్నీకి జట్లని ఎంచే కమిటీ కూడా 2018–19 నుంచి ఆర్‌పీఐ అనే పాత కొలమానాన్ని పక్కనపెట్టి నెట్ అనే సొంత ర్యాంకింగ్ వాడుతోంది. దాని ప్రకారం మొదటి తరగతి గెలుపంటే సొంత కోర్టులో 30లోపు ర్యాంకు జట్టుమీద, తటస్థ వేదికలో 50లోపు, పరాయి ఊళ్లో 75లోపు జట్టుమీద గెలవడం. పరాయి ఊరి విలువ ఎంతో ఈ మూడు అంకెల్లోనే ఉంది.

ప్రత్యర్థి బలం ఎంత ముఖ్యమో ఆ డిసెంబరు మొదటి వారంలో తేలిపోయింది. జట్ల కూటముల్లో (కాన్ఫరెన్స్‌లలో) దక్షిణాది రాష్ట్రాల ఎస్‌ఈసీకీ, ఎక్కువగా తూర్పు తీరపు జట్లున్న ఏసీసీకీ మధ్య 16 మ్యాచ్‌లు జరిగితే ఎస్‌ఈసీ 14 గెలిచింది. ఏసీసీ పరువు నిలిపినవి రెండే. ఆబర్న్‌ని 84–78తో ఓడించిన డ్యూక్, కెంటకీని ఓడించిన క్లెమ్సన్. మార్చిలో ఎస్‌ఈసీనుంచి 14 జట్లు టోర్నీకి వచ్చాయి. అది రికార్డు. ఏసీసీనుంచి వచ్చినవి 4. అంచేత జనవరిలో డ్యూక్ 20, 30 పాయింట్ల తేడాలతో గెలుస్తుంటే ‘ఎవరిమీద?’ అన్న ప్రశ్న న్యాయమైనదే. జవాబు కూడా ఆ డిసెంబరు మ్యాచ్‌లోనే ఉంది. తర్వాత దేశంలో నంబర్ వన్ అయిన జట్టుని ఓడించింది డ్యూకే.

అయితే ఒక్క మ్యాచ్ పట్టుకుని తీర్పు చెబితే ఏమవుతుందో ఫ్లోరిడా, టెన్నెసీ చూపించాయి. జనవరి 4న ఫ్లోరిడా కెంటకీకి 106 పాయింట్లిచ్చి ఓడింది. మూడు రోజులకి అదే ఫ్లోరిడా, అప్పటిదాకా ఓటమి ఎరగని నంబర్ వన్ టెన్నెసీని 43కి కట్టిపడేసి 73–43తో చితక్కొట్టింది. టెన్నెసీ పని అయిపోయిందన్నారు. ఫిబ్రవరి 1న తన సొంతూరు నాక్స్‌విల్‌లో మళ్లీ ఎదురుపడితే టెన్నెసీ 64–44తో గెలిచింది. అవే రెండు జట్లు, నెల కూడా తిరగలేదు, తేడా 50 పాయింట్లు అటుదిటైంది. మార్చిలో ఎస్‌ఈసీ టోర్నీ ఫైనల్ 86–77తో ఫ్లోరిడాది.

ఈ ఊగిసలాటలో పెద్ద పాలు త్రీ పాయింటర్లది, అంటే దూరంనుంచి వేసే మూడు పాయింట్ల షాట్లది. ఒక జట్టు అసలు సత్తా నూటికి 36 బుట్టలో పడేయడం అనుకుందాం. మ్యాచ్‌కి 25 వేస్తే సగటున 9 పడాలి. కానీ గణితం ప్రకారం ప్రామాణిక విచలనం 2.4. అంటే ఏమీ మారకుండానే ఒక రాత్రి 7 పడతాయి, ఇంకో రాత్రి 11. తేడా 12 పాయింట్లు! అదే జట్టు 15 మ్యాచ్‌లు ఆడాక కూడా దాని శాతం 33.5కీ 38.5కీ మధ్య ఎక్కడైనా కనిపించవచ్చు. 38.5 చూసి ‘అద్భుతమైన షూటర్లు’ అనడం, 33.5 చూసి పెదవి విరవడం, రెండూ తొందరపాటే. ప్రత్యర్థుల త్రీలు తప్పడం మీ డిఫెన్స్ గొప్పదనమేనా అన్నది ఇంకా పెద్ద అనుమానం. రీబౌండ్లు, టర్నోవర్లు అంత చపలంగా ఉండవు. ప్రతి మ్యాచ్‌లోనూ వాటికి అవకాశాలు ఎక్కువ, వాటిలో అలవాటు పాలూ ఎక్కువ. కెల్విన్ శాంసన్ శిక్షణలో హ్యూస్టన్ ఏళ్లతరబడి బతుకుతున్నది వీటిమీదే. జనవరి 25న కాన్సస్ జట్టుమీద దాని సొంత కోర్టులో రెండు ఓవర్‌టైముల తర్వాత 92–86తో గెలిచింది. ఆ సీజన్‌కి దేశంలో నంబర్ వన్‌గా మొదలైంది ఆ కాన్ససే. చివరికి 21–13తో, మొదటి రౌండ్ ఓటమితో ముగించింది.

ఇక ఆటగాళ్లు. ఆ జనవరిలో చర్చంతా ఇద్దరిమీదే. ఆబర్న్ నుంచి 22 ఏళ్ల జానై బ్రూమ్, డ్యూక్ నుంచి కూపర్ ఫ్లాగ్. ఫ్లాగ్‌కి 18 నిండింది 2024 డిసెంబరు 21నే. జనవరి 11న నోటర్‌డామ్ మీద అతను 42 పాయింట్లు చేశాడు. ఏసీసీలో ఫ్రెష్‌మన్ (మొదటి ఏడాది) ఆటగాళ్లలో అది రికార్డు. అందరూ 42 దగ్గరే ఆగిపోయారు. నన్ను ఆపింది కింది వరస. 14 షాట్లకి 11, అందులో త్రీలు 6కి 4, ఫ్రీ త్రోలు 17కి 16. ఫ్రీ త్రోలని పైన చెప్పిన 0.475 లెక్కన కలిపితే అతను వాడుకున్న అవకాశాలు 22. అంటే ఒక్కో దానికి దాదాపు 1.9 పాయింట్లు! నూటికి 120 చేసే జట్టుని మెచ్చుకునే ఆటలో ఇది నూటికి 190. పైగా 7 అసిస్టులు. 30 షాట్లు వేసి 42 చేయడం వేరు, 14 షాట్లతో చేయడం వేరు.

సరిగ్గా అదే రోజు సౌత్ కరోలినాలో బ్రూమ్ చీలమండ బెణికింది. అతను లేని రెండు మ్యాచ్‌లనీ ఆబర్న్ గెలిచింది. మిసిసిపీ స్టేట్‌ని 88–66తో, జార్జియాని 70–68తో. ‘అతను లేకపోయినా గెలుస్తున్నారుగా’ అన్న మాట అప్పుడే మొదలైంది. ఇది నాకు ఎప్పుడూ రుచించని వాదన. రెండు మ్యాచ్‌లు, అందులో ఒకటి రెండే పాయింట్ల తేడా. దీన్నిబట్టి తేలేదేమీ లేదు. నన్నడిగితే జనవరి సగానికి ఓటు బ్రూమ్‌దే. సీజన్ మొత్తంమీద అతని సగటు 18.6 పాయింట్లు, 10.8 రీబౌండ్లు. అదీ దేశంలోకెల్లా కఠినమైన కాన్ఫరెన్స్‌లో. ఫ్లాగ్‌ది 19.2, 7.5, వాటికి 4.2 అసిస్టులు తోడు. మార్చికల్లా తూకం ఫ్లాగ్ వైపు వాలింది, వాలవలసిందే కూడా. దేశంలో ఉత్తమ ఆటగాడికిచ్చే ఏపీ (అసోసియేటెడ్ ప్రెస్), నైస్మిత్, వుడెన్ మూడు అవార్డులూ అతనికే దక్కాయి. ఏపీ అవార్డు తీసుకున్న ఫ్రెష్‌మన్లలో డ్యురాంట్, ఆంథనీ డేవిస్, జయాన్ విలియమ్సన్ తర్వాత నాలుగోవాడు. మూడో పేరు, ఫ్లోరిడా గార్డ్ వాల్టర్ క్లేటన్ జూనియర్, జనవరి చర్చల్లో పెద్దగా వినపడనేలేదు. ఫైనల్ ఫోర్‌లో ఆబర్న్ మీద 34 కొట్టిందీ, ఫైనల్లో మొదటి సగం ఒక్క పాయింటూ చేయకుండా గడిపి చివరికి ఉత్తమ ఆటగాడయిందీ అతనే.

ఇన్ని లెక్కలూ వేశాక టైటిల్ ఎవరిదో చెప్పగలమా? ఒక గొప్ప జట్టుకి ఆరు రౌండ్లలో గెలిచే అవకాశాలు వరసగా 99, 93, 85, 75, 65, 60 శాతం అనుకోండి. ప్రతి మ్యాచ్‌లోనూ అదే ఫేవరెట్. ఆరింటినీ గుణిస్తే 23 శాతం. నాలుగుసార్లలో మూడుసార్లు అది ఓడుతుంది, ఆ ఓటమిని అందరూ సంచలనం అంటారు.

2025లో అంకెలు చేయగలిగినంతా చేశాయి. జనవరి మధ్యలో ముందువరసలో ఉన్న ఆబర్న్, డ్యూక్, ఫ్లోరిడా, హ్యూస్టన్ నాలుగూ టోర్నీ నాలుగు విభాగాల్లో నంబర్ వన్ సీడ్లై ఫైనల్ ఫోర్‌కి చేరాయి. నాలుగు టాప్ సీడ్లూ అలా చేరడం 2008 తర్వాత అదే, చరిత్రలో రెండోసారి. జనవరి 13 ఏపీ ఓటింగులో రెండో స్థానంలో ఉన్న అయోవా స్టేట్ మాత్రం రెండో రౌండ్ దాటలేదు. నాలుగింటిలో ఎవరన్నది అంకెలకి అందలేదు. సీజన్ ముగిశాక కూడా కెన్‌పామ్‌లో మొదటి స్థానం డ్యూక్‌దే. ఆ డ్యూక్ సెమీఫైనల్లో హ్యూస్టన్ మీద రెండో సగంలో 14 పాయింట్ల ఆధిక్యం పెట్టుకుని కూడా 70–67తో ఓడింది. సీజన్ ముందు ఏపీ 21వ ర్యాంకు ఇచ్చిన ఫ్లోరిడా, ఫైనల్లో 12 పాయింట్ల వెనకనుంచి వచ్చి కప్పు ఎత్తుకుంది.

జూన్‌లో ఎన్‌బీఏ డ్రాఫ్ట్, అంటే వృత్తి జట్లు కొత్త ఆటగాళ్లని వరసగా ఎంచుకునే తంతు, పైన చెప్పిన ముగ్గురు ఆటగాళ్లనీ వేరే తూకంలో వేసింది. ఫ్లాగ్ 1, క్లేటన్ 18, బ్రూమ్ 35. అక్కడ కొనేది వయసుని, జనవరి ఫామ్‌ని కాదు. ఫ్లాగ్‌ని తీసుకున్నది డాలస్ మావెరిక్స్. ఫ్రిస్కో, ఇర్వింగ్‌లలోని మన తెలుగువాళ్లకి అతని ఆట ఇప్పుడు ఊళ్లోనే దొరుకుతుంది. ఎంపికల వరస తేల్చే మే లాటరీలో డాలస్‌కి ఆ మొదటి ఎంపిక దక్కే అవకాశం 1.8 శాతం.